పదిహేనేళ్ళ మనసు - నలుగురి కళ్ళు

ఇంట్లో పదమూడో పద్నాలుగో ఏట అడుగుపెట్టిన పిల్లలున్నారంటే అద్దం దగ్గర తగవు ఉన్నదన్నమాటే. మొన్న మొన్నటిదాకా తల దువ్వుతాను రమ్మంటే పెరట్లోకి పారిపోయిన పిల్లవాడు, ఇప్పుడు పాపిడి ఎడమకు తీయాలా కుడికి తీయాలా అని అరగంట నిలబడి ఆలోచిస్తాడు. పేరంటం అంటే అమ్మ కొంగు పట్టుకుని ముందు బయల్దేరిన పిల్ల, "నేను రాను, మీరు వెళ్ళండి" అంటుంది. ఎందుకు రావే అంటే జవాబుండదు. గట్టిగా అడిగితే కళ్ళనీళ్ళు. ఇంకా గట్టిగా అడిగితే గది తలుపు దభాలున మూసుకుంటుంది. అమ్మ నాన్నవైపు చూస్తుంది. "అంతా నీ గారాబమే!" అంటాడు నాన్న. బామ్మగారుంటే, "మా కాలంలో ఈ వేషాలున్నాయా అమ్మా!" అని ముక్కున వేలేసుకుంటారు.

బామ్మగారి మాటలో నిజం లేకపోలేదు. ఆవిడ తల్లిగారి కాలంలో, అమ్మమ్మగారి కాలంలో ఈ వేషాలు లేవు. వేషాలు వేయడానికి ఆ వయసే వాళ్ళకు దక్కలేదు మరి. 1929లో శారదా చట్టం వచ్చి, ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది ఏళ్ళు నిండితేగాని పెళ్ళి చేయరాదన్నది. 1930 ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి అది అమలులోకి వస్తుందని తెలిసి, ఆ ముందు నెలల్లో హడావిడిగా ముహూర్తాలు పెట్టించి పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేసినవారు దేశం నిండా ఉన్నారు. ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవాడికి ఇరవైయొక్కటి అన్న నియమం 1978లో వచ్చింది. అంతకు పూర్వం ఎందరి విషయంలోనో బొమ్మల పెళ్ళి చేసిన చేతులే కొన్నాళ్ళకు అత్తవారింట అంట్లు తోమాయి. మగపిల్లవాడు తండ్రివెంట పొలానికో, మగ్గం గుంటలోకో దిగాడు. బాల్యం అయిపోగానే సంసారం. మధ్యలో కాస్త కూర్చుని, నేనెవరిని, నేనేం కావాలి, నన్ను చూసి లోకం ఏమనుకుంటున్నది అని ఆలోచించుకునే తీరిక ఎవరికున్నది? హైస్కూలు, ఇంటర్మీడియట్, డిగ్రీ అంటూ చదువు పొడుగు సాగినకొద్దీ ఆ తీరిక పుట్టింది. దానితోపాటే ఆ బాధా పుట్టింది.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక చిన్న మాట చెప్పకుండా ఉండలేను. ఈ వయసుకు మనం ఇప్పుడు వాడుకుంటున్న 'కౌమారం' అన్న పదం, ఒక పాత లెక్క ప్రకారం ఐదేళ్ళ లోపు పసితనానిది. పదేళ్ళదాకా పౌగండం, పదిహేనుదాకా కైశోరం, ఆపైన యౌవనం. పదమూడు నుంచి పంతొమ్మిదిదాకా ఒక్క ముద్దగా చూపించే పదం ఆ లెక్కలో లేదు. మన ఇళ్ళల్లో వినిపించిన మాట 'పెళ్ళీడు'. అది పిల్లను గురించి చెప్పే మాట కాదు, పెళ్ళిని గురించి చెప్పే మాట. పేరే సరిగా పెట్టని వయసును మనం సరిగా పట్టించుకోలేదంటే ఆశ్చర్యం ఏమున్నది?

పాశ్చాత్యులు మాత్రం మనకంటే మరీ ముందేమీ లేరు. 1904లో స్టాన్లీ హాల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రెండు పెద్ద సంపుటాల గ్రంథం రాసి, ఈ వయసును తుపానుతో పోల్చాడు. ఆ పోలిక జనానికి ఎంత నచ్చిందంటే, ఎదిగే పిల్లలున్న ఇంట తుపాను తప్పదు కాబోలునని అప్పటినుంచీ అందరూ తలుపులు బిగించుకు కూర్చున్నారు. తరువాత కొందరు మామూలు ఇళ్ళలో పెరుగుతున్న మామూలు పిల్లలను పలకరించి చూడగా, సంగతి అంత భయంకరంగా లేదని తేలింది. షికాగో ప్రాంతపు మగపిల్లలను హైస్కూలు రోజుల్లో గమనించి డేనియల్ ఆఫర్ అనే వైద్యుడు 1969లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఆ పిల్లల్లో చాలామంది తలిదండ్రులతో సఖ్యంగానే ఉన్నారు. పోట్లాటలు ఉన్నా అవి చిల్లర మల్లర సంగతుల మీదనే. నా ఇరవై ఏళ్ళ తరగతి గది అనుభవమూ అదే చెబుతున్నది. తుపానులో చిక్కుకున్న పిల్లలు కొందరే. కాని తనను ఎవరో చూస్తున్నారన్న భావం మాత్రం, ఆ వయసులో ఇంచుమించు ప్రతి పిల్లనూ ప్రతి పిల్లవాణ్ణీ పట్టుకుంటుంది.

ఇది ఎక్కడినుంచి వస్తుంది? స్విట్జర్లాండు దేశస్థుడు జీన్ పియాజే పిల్లల ఆలోచన ఎదిగే తీరును జీవితకాలం పరిశీలించినవాడు. పదకొండు పన్నెండేళ్ళ ప్రాంతంలో పిల్లల బుద్ధికి ఒక కొత్త శక్తి వస్తుందని ఆయన అన్నాడు. అంతవరకూ బుట్టలో ఉన్న మామిడిపండ్లను లెక్కపెట్టిన పిల్ల, ఇకమీద లేని మామిడిపండ్లను గురించి కూడా తర్కించగలదు. ఇలా అయితే ఏమవుతుంది, అలా కాకపోతే ఏమవుతుంది అని పది దారులు ఊహించగలదు. తన ఆలోచనను గురించి తానే ఆలోచించగలదు. ఎదుటివాడి తలలో ఏం తిరుగుతున్నదో ఊహించగలదు. కొత్త కత్తి చేతికొచ్చిన పిల్లవాడు దొరికిన ప్రతి కొమ్మనూ నరికి చూసినట్టు, ఈ శక్తి రాగానే పిల్లలు దాన్ని మొదట ప్రయోగించేది తమమీదనే.

1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే అమెరికన్ పండితుడు పియాజే దారినే మరికొంత ముందుకు నడిచి ఒక చక్కని సంగతి చెప్పాడు. ఎదుటివాళ్ళకు ఆలోచనలున్నాయని ఈ వయసు పిల్లకు తెలిసింది. ఆ ఆలోచనలు వాళ్ళ వాళ్ళ గొడవలను గురించినవని మాత్రం ఇంకా పూర్తిగా తెలియలేదు. తన ధ్యాసంతా తన బుగ్గమీది మొటిమ మీద ఉన్నది కాబట్టి, వీధిలో వాళ్ళ ధ్యాసంతా కూడా ఆ మొటిమ మీదనే ఉన్నదనుకుంటుంది. ఆ కనబడని జనానికి ఎల్కైండ్ పెట్టిన పేరును మన భాషలో 'ఊహాప్రేక్షకులు' అనుకోవచ్చు. రంగస్థలం మీద ఉన్నది తానొక్కతే. ఎదుట హాలు కిటకిటలాడుతున్నదని నమ్మకం. ఆ నాటకానికి మధ్యలో విరామం కూడా లేదు. దీనికి తోడుగా మరో నమ్మకం కూడా ఉంటుందన్నాడు ఎల్కైండ్: ఇంత బాధ, ఇంత ప్రేమ, ఇంత అవమానం లోకంలో తనకు తప్ప మరెవరికీ కలగలేదని. "నీకేం తెలుసమ్మా!" అని కూతురు విసురుగా అన్నప్పుడు, అది పొగరు కాదు. ఆ క్షణాన ఆ పిల్ల దాన్ని నిజంగానే నమ్ముతుంది.

చూసే కళ్ళను మనం ఎంత ఎక్కువగా లెక్కవేసుకుంటామో తెలిపే సరదా ప్రయోగం ఒకటున్నది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు చేసిన దానిని 2000లో ప్రచురించారు. ఒక విద్యార్థి చేత, బ్యారీ మనీలో అనే గాయకుడి పెద్ద బొమ్మ ఉన్న బనియను తొడిగించారు. కుర్రకారు దృష్టిలో ఆ గాయకుడి బొమ్మ వేసుకుని తిరగడం నామోషీ. ఆ వేషంతో, తోటి విద్యార్థులు కూర్చుని ఉన్న గదిలోకి పంపి వెనక్కి పిలిచి, "నీ బనియను మీది బొమ్మ ఎంతమంది గుర్తుపట్టి ఉంటారు?" అని అడిగారు. సగంమంది దాకా పట్టి ఉంటారని ఆ విద్యార్థుల అంచనా. గదిలో వాళ్ళను అడిగితే, నాలుగోవంతు మంది కూడా పట్టలేదు! కాలేజీ చదువుకు వచ్చినవాళ్ళ సంగతే ఇదైతే, తొమ్మిదో తరగతి పిల్లవాడి సంగతి చెప్పాలా?

అయితే ఎల్కైండ్ గారు మన ఊళ్ళల్లో కాపురం ఉండి ఉంటే తన సిద్ధాంతానికి మరొక అధ్యాయం చేర్చేవాడని నా అనుమానం. మన పిల్లల ప్రేక్షకులు వట్టి ఊహ కారు. వారిని తెచ్చి హాలులో కూర్చోబెట్టింది మనమే. నడక వచ్చినప్పటినుంచీ "నలుగురూ నవ్వుతారు", "నలుగురిలో తల ఎత్తుకోవద్దా?", "నలుగురూ ఏమనుకుంటారు?" - ఈ మూడు మాటలూ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డ ఉంటే చూపించండి. పదేళ్ళు ఆ పాఠం చెప్పి, పదకొండో ఏట వాడు నలుగురి కోసం జుట్టు సవరించుకుంటే మనకు కోపం. తేడా అల్లా ఒక్కటే. మన నలుగురు వేరు, వాళ్ళ నలుగురు వేరు. మన నలుగురిలో పిన్నత్తగారూ, ఆఫీసరుగారూ, ఎదురింటి సుబ్బారావుగారూ ఉంటారు. వాళ్ళ నలుగురూ వెనక బెంచీలో ఉంటారు. ఇప్పుడైతే జేబులో ఉన్న సెల్‌ఫోనులో కూడా ఉంటారు. పూర్వం బడి వదిలితే ఆ కళ్ళు సాయంత్రానికి ఎవరిళ్ళకు అవి పోయేవి. ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూడా మంచం పక్కనే తెరుచుకుని ఉంటున్నాయి.

మెదడును ఫొటోలు తీసి చూసే యంత్రాలు వచ్చాక ఈ కథకు కొంత శరీరశాస్త్రం కూడా తోడయింది. 1999లో అమెరికాలో జే గీడ్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ, అవే పిల్లల మెదళ్ళను కొన్నేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ చిత్రాలు తీసి ప్రచురించారు. నుదుటి వెనక ఉన్న భాగంలో బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు పదకొండో ఏట, మగపిల్లల్లో పన్నెండో ఏట అత్యధిక స్థాయికి చేరి, తరువాత తగ్గుతూ వస్తున్నదని చూశారు. తగ్గడమంటే తెలివి తరగడం కాదు. తోటమాలి గుబురుగా పెరిగిన మొక్కకు పనికిరాని కొమ్మలు కోసి, కాపు కాసేవాటిని ఉంచినట్టు, వాడుకలో ఉన్న దారులు బలపడి, లేనివి పోతాయి. ఆగి ఆలోచించడం, ముందుచూపు, కోపాన్ని మింగుకోవడం వంటి పనులు ఆ నుదుటి భాగానివి. అది పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై దాటి మరికొన్నేళ్ళు పడుతుంది. ఇష్టాయిష్టాలకూ ఉద్వేగాలకూ స్పందించే భాగాలు మాత్రం అంతకంటే ముందే ఉరకలు వేస్తాయి. ఎద్దులు బలిశాయి, పగ్గం పేనడం ఇంకా పూర్తికాలేదు - పల్లెటూరివాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఆ ఎద్దులు ఎప్పుడు మరీ బెదురుతాయో తెలిపే ప్రయోగం చెప్పి ముందుకు సాగుతాను. 2005లో ఫిలడెల్ఫియాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు, తెరమీద కారు నడిపే ఆట ఒకటి ఆడించారు. పచ్చదీపం పోయి పసుపుదీపం వెలిగాక ఎంత దూరం సాహసించి పోతే అన్ని మార్కులు. హఠాత్తుగా అడ్డుగోడ వస్తే ఉన్నవీ పోతాయి. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు ఒంటరిగా ఆడినప్పుడు పెద్దలకంటే మరీ తెగించలేదు. ఇద్దరు స్నేహితులను పక్కన నిలబెట్టగానే వాళ్ళ తెగింపు అమాంతం పెరిగిపోయింది. ఇరవైనాలుగు దాటినవాళ్ళకు పక్కన ఎవరున్నా ఒకటే అయింది. మోటారు సైకిలు మీద ఒంటరిగా నెమ్మదిగా వెళ్ళే పిల్లవాడు వెనక ఇద్దరు ఎక్కగానే ఎందుకు మారిపోతాడో దీనినిబట్టి ఊహించుకోవచ్చు. లండన్‌లో 2010లో ప్రచురించిన మరో ప్రయోగంలో, కంప్యూటరు మీద బంతి ఆట ఆడుతున్నవారికి ఉన్నట్టుండి బంతి విసరడం మానేశారు. పెద్ద స్త్రీలూ నొచ్చుకున్నారు గాని, పదకొండు నుంచి పదిహేనేళ్ళ ఆడపిల్లలు అంతకంటే ఎక్కువగా కుంగిపోయారు. ఒక బంతి అందకపోతేనే ఇంత!

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం.

చుట్టాలు వచ్చి హాల్లో కూర్చుంటారు. "ఏరా, గొంతేమిటి ఇలా బొంగురుపోయింది? ఏదీ, ఒక పాట పాడు!" అంటాడు మేనమామ. అందరూ నవ్వుతారు. మేనమామది ప్రేమే. కాని ఆ పిల్లవాడు మర్నాటినుంచి చుట్టాల ఎదుట నోరు విప్పడు. ఆడపిల్ల విషయం ఇంకా కష్టం. ఈడేరిన పిల్లను పీటమీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటాళ్ళను పిలిచి హారతివ్వడం కొన్ని ఇళ్ళల్లో తరతరాల ఆచారం. పిల్లకు తక్షణం పెళ్ళి సంబంధాలు చూడవలసిన కాలంలో, ఊరికి ఆ కబురు అందడంలో అర్థమున్నది కాబోలు. ఇప్పుడు ఆ అర్థం పోయి ఆర్భాటం మిగిలింది. ఏడో తరగతి పిల్ల ఫొటో ఫ్లెక్సీ మీద అచ్చువేయించి, ఫంక్షన్ హాలు గుమ్మానికి కడుతున్నారు. ఆ దారినే తన తరగతి మగపిల్లలు బడికి వెళతారని ఆ పిల్లకు తెలుసు. సంబరంగా ఒప్పుకునే పిల్లలూ ఉంటారు, కాదనను. ఒప్పుకోని పిల్లను అడిగినవారెవరు? పెద్దలు నొచ్చుకోకుందురు గాక, ఒంట్లో వచ్చిన మార్పును తానే ఇంకా అర్థం చేసుకోలేని పిల్లను, చూసే కళ్ళకు అన్నిటికంటే ఎక్కువ భయపడే ఏట, కుర్చీలో కూర్చోబెట్టి వందమందికి చూపించడం నాకు న్యాయంగా తోచదు.

పోలికలు మరొకటి. "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో." ఈ మాటతో నేర్చుకున్న పిల్లను నేనింతవరకూ చూడలేదు, పక్కింటి పిల్లమీద పగబట్టినవాళ్ళను చాలామందిని చూశాను.

కాలేజీల్లో మేమేమీ తక్కువ తినలేదు. పాఠం ముగించి "అర్థమైందా?" అని అడిగితే అరవైమంది తలలూపుతారు. కానివాడు కాలేదని చెప్పడు, చెబితే పక్కవాడు నవ్వుతాడని. గంట కొట్టాక వరండాలో వెనకాలే వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "సార్, ఆ సవర్ణదీర్ఘసంధి మళ్ళీ ఒక్కసారి..." అంటాడు. అందుకే నేను జవాబుపత్రాలు ఇచ్చేటప్పుడు మార్కులు లోపలికి వచ్చేట్టు మడిచి ఇస్తాను. మార్కులు పైకి చదివితే పోటీ పెరిగి బాగా చదువుతారని వాదించే సహాధ్యాపకులున్నారు. మొదటి ఐదుగురికి అది నిజమే కావచ్చు. మిగిలిన యాభై ఐదుమందికి ఆ గంట ఎలా గడుస్తుందో వారు ఆలోచించినట్టు లేదు.

ఒక తండ్రిగారు తన కొడుకును వెంటబెట్టుకుని మా స్టాఫ్‌రూముకు వచ్చారు. అప్పుడు అక్కడ ఆరుగురం ఉన్నాం.

"వీణ్ణి మీరే బాగుచెయ్యాలండీ. ఇంట్లో దున్నపోతులా పొద్దెక్కేదాకా పడుకుంటాడు. వాళ్ళక్క నాలుగింటికి లేచి చదివేది. వీడి మొహాన..."

కుర్రవాడు కాలి బొటనవేలివైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను వాణ్ణి లైబ్రరీకి ఏదో పనిమీద పంపించి, ఆయనను వరండాలోకి తీసుకువెళ్ళాను.

"అయితే మేము ఏమీ అనకూడదంటారా?" అన్నారాయన, కొంచెం కోపంగానే.

"ఎందుకనకూడదండీ? తండ్రి కదా. ఇంట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు అనండి."

నిద్ర విషయంలో ఆ కుర్రవాడి తప్పు ఆయన అనుకున్నంత లేదు. రాత్రి నిద్ర ముంచుకొచ్చే గడియ ఈ వయసులో సహజంగానే వెనక్కి జరుగుతుందని, మేరీ కార్స్‌కాడన్ వంటివారు ఏళ్ళ తరబడి పరిశోధించి చూపారు. రాత్రి పదకొండుదాకా నిద్రపట్టని పిల్లవాణ్ణి తెల్లవారుజామున నాలుగింటికి లేపి కూర్చోబెడితే, పుస్తకం తెరిచి ఉంటుంది, కళ్ళు మూసుకుని ఉంటాయి. ఫోను పట్టుకుని ఒంటిగంటదాకా మేలుకుంటే అది వేరే సంగతి. అక్కడ తండ్రి మాట చెల్లవలసిందే.

ఈమధ్య చాలామంది, పిల్లలతో స్నేహితుల్లా మెలగండి అని సలహా చెబుతున్నారు. మంచి మాటే గాని నాకు అందులో కొంత సందేహం. స్నేహితులు వాళ్ళకు కావలసినంతమంది ఉన్నారు. ఇంటికి ఇన్ని గంటలకు రావాలని చెప్పేవారూ, ఇది కూడదని నిలబడేవారూ కూడా ఉండాలి. ఎదురు వాదించడానికైనా ఒక గోడ కావాలి కదా! ఆ గోడ పిల్లవాణ్ణి పదిమందిలో నిలబెట్టి నవ్వులపాలు చేయకుంటే చాలు.

ఈ వయసులో పిల్లలు వెతుక్కునేది 'నేనెవరిని?' అన్న ప్రశ్నకు జవాబు అని చెప్పి ఆ మాటకు లోకమంతటా వాడుక తెచ్చినవాడు ఎరిక్ ఎరిక్సన్. ఆయన కథ ఏ సీరియల్ నవలకూ తీసిపోదు. 1902లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టులో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తల్లి యూదు స్త్రీ. పిల్లల డాక్టరైన సవతి తండ్రీ యూదుడే. ఈయనేమో పొడుగ్గా, బంగారురంగు జుట్టుతో ఉండేవాడు. యూదుల ప్రార్థనాలయంలో పిల్లలు నువ్వు మావాడివి కావన్నారు. బడిలో పిల్లలు నువ్వు యూదుడివన్నారు. రెండుచోట్లా చూసే కళ్ళే. చిత్రకారుడవుదామని కొన్నేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగాడు. చివరకు వియన్నాలో చిన్న బడిలో పంతులుగా చేరి, అక్కడ ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు. 1939లో అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు ఇంటిపేరు తానే పెట్టుకున్నాడు - ఎరిక్సన్ అని. అంటే ఎరిక్ కొడుకు అని అర్థం. తన పేరుకు తానే తండ్రి అయినవాడు ఆ ప్రశ్నను కనిపెట్టాడంటే వింతేమున్నది?

ఆ ఎరిక్సన్ 1962లో అహమ్మదాబాదు వచ్చాడు. 1918లో అక్కడి మిల్లు కార్మికుల సమ్మెలో గాంధీజీ చేసిన నిరాహారదీక్ష ఆయనను ఆకర్షించింది. దానిమీద ఆయన రాసిన గ్రంథం 1969లో వచ్చి పులిట్జర్ బహుమానం పొందింది. గాంధీజీ మనసును తెలుసుకోవాలనుకున్నవాడు ఆయన కుర్రతనాన్ని వదిలిపెట్టలేడు కదా. గాంధీజీ తన ఆత్మకథను 'నవజీవన్' వారపత్రికలో వారం వారం ధారావాహికగా రాశారు. ఆ కుర్రతనం అంతా అందులో దాపరికం లేకుండా ఉన్నది. పదమూడో ఏట పెళ్ళి, రహస్యంగా మాంసం తినడం, బీడీ ముక్కలు ఏరుకుని కాల్చడం, నౌకర్ల డబ్బులు కాజేయడం. మన ఇళ్ళల్లో పిల్లవాడు చేస్తే కొంప మునిగిందనుకునేవన్నీ ఉన్నాయి.

పదిహేనో ఏట ఆయన అంతకంటే పెద్ద దొంగతనం చేశారు. అన్నగారికి పాతిక రూపాయల అప్పు ఉన్నది. అన్న చేతి బంగారు కడియం నుంచి ఒక ముక్క కోసి అప్పు తీర్చారు. తరువాత మనసు ఊరుకోలేదు. తండ్రికి చెప్పాలి; నోట చెప్పే ధైర్యం లేదు. తండ్రి కొడతాడని కాదు, ఆయన పిల్లలను కొట్టినవాడు కాదు. తన మూలంగా ఆయన బాధపడతాడని భయం. చివరకు కాగితం మీద అంతా రాసి, తగిన శిక్ష వేయమనీ, ఆ తప్పుకు తనను తాను శిక్షించుకోవద్దనీ వేడుకుని, వణుకుతూ తీసుకువెళ్ళి చేతికిచ్చారు. తండ్రి కరంచంద్ గాంధీగారు అప్పుడు జబ్బుతో చెక్కబల్ల మీద పడుకుని ఉన్నారు. లేచి కూర్చుని చదివారు. కన్నీళ్ళు కారి కాగితం తడిసింది. కాసేపు కళ్ళు మూసుకున్నారు. కాగితం చింపేశారు. మళ్ళీ పడుకున్నారు. అంతే. అన్నను పిలవలేదు, ఇంటిల్లిపాదినీ పోగుచేయలేదు. సాక్ష్యం కూడా మిగల్చలేదు. గదిలో ఉన్నది ఇద్దరే. అరవయ్యో ఏటికి దగ్గరవుతూ ఆ సంగతి రాసినప్పుడు కూడా, ఆ దృశ్యం బొమ్మకట్టినట్టు కళ్ళముందున్నదన్నారు గాంధీజీ.

పరీక్షా ఫలితాల రోజున మన ఇళ్ళల్లో ఇందుకు సరిగ్గా తలకిందులుగా జరుగుతున్నది. కంప్యూటరు చుట్టూ తాతగారి నుంచి పక్కింటివారిదాకా మూగుతారు. మార్కులు కనిపించీ కనిపించకముందే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడతాయి. పెద్దమ్మ కొడుకు మార్కులు కింద వచ్చి చేరతాయి. ఫోన్లు మొదలవుతాయి. తప్పిన పిల్లకు ఆ ఊహాప్రేక్షకులందరూ ఒక్కసారిగా నిజమైపోతారు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మార్కులలో తప్పులు దొర్లాయని గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం విచారణకు ఒక సంఘాన్ని వేసింది. తప్పినవారి పత్రాలను మళ్ళీ పరిశీలించారు. ఈలోపలే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్క కారణం చేత ఎవరూ అంతపని చేయరు. లోపల ఏ దిగులు ఎంతకాలంగా ఉన్నదో బయటివాళ్ళం చెప్పలేం. కాని వారం ఆగితే మార్కులే మారేవి ఉన్నాయి, నెల ఆగితే మరో పరీక్ష ఉన్నది అన్న సంగతి, నలుగురి కళ్ళ మధ్య నిలబడిన పదిహేడేళ్ళ మనసుకు కనిపించదు.

విశాఖపట్నంలో పోటీపరీక్షకు తయారవుతున్న ఒక విద్యార్థిని మరణం గురించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కొన్ని నియమాలు పెట్టింది. మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలుగా విడదీయకూడదు, పదిమందిలో అవమానించకూడదు, శక్తికి మించిన లక్ష్యాలు నెత్తిన పెట్టకూడదు, వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన సలహాదారు ఉండాలి. మొదటి నియమం చదివి మన రెండు రాష్ట్రాల్లోని తల్లులూ తండ్రులూ తమ పిల్లల కాలేజీలో సెక్షన్లు ఎలా విభజించారో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది. అడిగే హక్కు వారికున్నది.

ఇంట్లో చేయవలసింది కోర్టు చెప్పదు. ఫలితం పిల్లనే ముందు చూసుకోనివ్వండి, లేదా అమ్మో నాన్నో ఒక్కరే పక్కన ఉండండి. ఆ రోజు చుట్టాల ఫోన్లకు, "రేపు మాట్లాడతాం" అంటే ఎవరూ ఉరితీయరు. అన్నం మానేసినా, నిద్రపోకుండా గోడవైపు తిరిగి పడుకున్నా, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా, "నేను లేకపోతే మీకే హాయి" అన్న మాట నోట వచ్చినా తేలికగా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని నేరుగా అడగడానికి పెద్దలు జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని. అది అపోహ. మెల్లగా, ఒంటరిగా అడిగితే చాలామంది పిల్లలు చెబుతారు. చెప్పాక ఆ రాత్రి వాళ్ళను ఒంటరిగా వదలకూడదు; వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళడం నామోషీ కాదు. 2022 అక్టోబరు 10 నుంచి ప్రభుత్వం నడుపుతున్న 'టెలీమానస్' అనే ఉచిత సహాయకేంద్రం ఉన్నది. నంబరు 14416. రాత్రింబగళ్ళు పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పెద్దలూ చేయవచ్చు, పిల్లలు స్వయంగానూ చేయవచ్చు. మామూలు ఫోనులో అవతలివారికి మన ముఖం కనబడదు కాబట్టి, ఇంట్లో చెప్పలేని పిల్లలకు అక్కడ నోరు విప్పడం కాస్త సులువు.